చర్మం కింది పట్టీలు

మైదానంలో ఖోఖో మంచి ఊపులో ఉంది. తరిమే జట్టుకు దొరక్కుండా మీరు పరుగెత్తుతున్నారు. వెనక "ఖో" అని కేక వినిపించింది. చటుక్కున పక్కకు తిరిగారు. కాని మీ కుడికాలు మోపిన చోట మొన్నటి వానకు పడిన చిన్న గుంట ఒకటుంది. పాదం లోపలివైపుకు మడత పడింది. మీ బరువంతా దాని బయటి అంచు మీద పడింది. ఏదో "టప్పు"మన్నట్లు మీకొక్కరికే వినిపించింది. పది నిమిషాలు తిరిగేసరికి చీలమండ బయటివైపు నిమ్మకాయంత వాపు లేచింది.

కుంటుకుంటూ ఇల్లు చేరాక ఏమవుతుందో మీకు తెలిసిందే. "చూసుకుని ఆడకూడదట్రా?" అంటూ అమ్మమ్మ పసుపు డబ్బా కోసం లేస్తుంది. పక్కింటి మామయ్య వచ్చి, కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "నరం తప్పింది. ఒక్క లాగు లాగితే సరి!" అంటాడు. అమ్మమ్మ పసుపు సంగతి అలా ఉంచండి. మామయ్యను మాత్రం కాలు లాగనివ్వకండి. ఎందుకో తరువాత చెబుతాను.

అసలు మన వాళ్లకు తాడులాగా ఉండేదల్లా నరమే. రక్తనాళమూ నరమే, నాడీ నరమే. మీ కాలిలో దెబ్బ తిన్నది ఈ రెండూ కాదు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీ ఒకటి సాగి, కొంత తెగింది. ఇలాంటి పట్టీని సంధిబంధనం అంటారు. ఇంగ్లీషు పేరు లిగమెంటు. కండరాన్ని ఎముకకు కట్టే తాడు వేరు. దాని పేరు స్నాయుబంధనం, లేదా టెండన్. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

ఆడపిల్లలు కాళ్లకు వెండి పట్టీలు పెట్టుకుంటారు కదా? సరిగ్గా ఆ చోటనే, చర్మం కింద, ఆడపిల్లలకూ మగపిల్లలకూ కూడా ఈ రెండో రకం పట్టీలున్నాయి. మరి అవి ఎన్ని? పుస్తకంలో బొమ్మ చూసి లెక్కపెట్టి చెప్పేయవచ్చు అనుకుంటున్నారేమో! ఆ బొమ్మతోనే వచ్చింది చిక్కంతా.

ముందు ఎముకల సంగతి చూద్దాం. చీలమండకు రెండు పక్కలా చేతితో తడిమి చూడండి. లోపలివైపు ఒక గుబ్బ, బయటివైపు ఒక గుబ్బ తగులుతాయి. లోపలి గుబ్బ అంతర్జంఘిక అనే లావుపాటి ఎముక చివర. బయటిది బహిర్జంఘిక అనే సన్నని ఎముక చివర. బయటి గుబ్బ లోపలి దానికన్నా కొంచెం కిందికి దిగి ఉంటుంది, గమనించారా? ఈ రెండూ కలిసి పట్టకారులాగా మధ్యలో ఒక ఎముకను పట్టుకుని ఉంటాయి. దాని పేరు టాలస్. శరీరం బరువంతా దాని మీదుగానే పాదానికి దిగుతుంది. అయినా దానికి ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు! చుట్టూ ఉన్న ఎముకలూ, వాటి మధ్య ఉన్న పట్టీలూ దానిని నిలబెట్టాలి.

టాలస్ పై భాగం చిన్న కప్పీలాగా గుండ్రంగా ఉంటుంది. అయితే ఆ కప్పీ వెడల్పు అంతటా ఒకటే కాదు. ముందుభాగం వెడల్పు, వెనుకభాగం ఇరుకు. మీరు గొంతుక్కూర్చున్నప్పుడు, పాదం నేలమీద ఆని ఉండగా, మోకాలు ముందుకు వంగుతుంది. అప్పుడు టాలస్ లోని వెడల్పు భాగం పట్టకారులోకి దిగి బిగుసుకుంటుంది. కీలు కదలదు. అదే మునివేళ్ల మీద లేచారనుకోండి, ఇరుకు భాగం పట్టకారులోకి వస్తుంది. పట్టు వదులవుతుంది. చెట్టుకొమ్మ అందుకోబోయి మునివేళ్ల మీద నిలబడి తూలినప్పుడూ, ఎగిరి దూకి కాలివేళ్ల మీద దిగినప్పుడూ కాలు మడత పడటానికి ఇదొక కారణం. అప్పుడు ఎముకల బిగింపు తక్కువ, పట్టీల మీద భారం ఎక్కువ.

గొంతుక్కూర్చోవడం మాట వచ్చింది కాబట్టి చిన్న ముచ్చట. అలా కూర్చున్నప్పుడు అంతర్జంఘిక ముందు అంచు టాలస్ మెడకు తగులుతుంది. అక్కడ రెండు ఎముకల మీదా చిన్న నున్నటి పలకలు ఏర్పడి ఉండటం శాస్త్రజ్ఞులు చూశారు. 1893లో లాహోరులో అనాటమీ బోధించే హావెలాక్ చార్లెస్ పంజాబీల ఎముకలలో వీటిని వర్ణించాడు. 1959లో ఇందర్ బీర్ సింగ్ అనే మన శరీర నిర్మాణ శాస్త్రవేత్త భారతీయుల ఎముకలు తీసుకుని మళ్లీ వివరంగా పరిశీలించాడు. కుర్చీల మీద కూర్చునే దేశాల మనిషిని చూసి గీసిన బొమ్మలో ఈ పలకలు లేకపోతే ఆశ్చర్యమేముంది? ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక పట్టీల దగ్గరకు వద్దాం. సంధిబంధనంలో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్ అనే ప్రోటీను. కొబ్బరిపీచు తాడులో పీచులు ఒకదాని పక్కన ఒకటి ఒదిగినట్లు కొల్లాజెన్ పోగులు ఒకే దిక్కుగా బారులు తీరి ఉంటాయి. రబ్బరులాగా సాగే పోగులు చాలా తక్కువ. అందుకే సంధిబంధనం కొద్దిగా సాగుతుంది, తరువాత మొండికేస్తుంది, ఇంకా లాగితే తెగుతుంది.

చీలమండ బయటివైపు మూడు ముఖ్యమైన పట్టీలున్నాయని పుస్తకాలు చెబుతాయి. మూడూ బయటి గుబ్బ నుంచే బయలుదేరుతాయి. ఒకటి ముందుకు వెళ్లి టాలస్ కు అతుక్కుంటుంది. ఒకటి వెనుకగా పోయి టాలస్ కే అతుక్కుంటుంది. మధ్యది కిందికి దిగి మడమ ఎముకను పట్టుకుంటుంది. వాటి అసలు పేర్లు నోరు తిరగనివి. ముందున్న దాన్ని డాక్టర్లు యాంటీరియర్ టాలోఫిబ్యులార్ లిగమెంటు అంటారు. మనం ముందరి పట్టీ, మధ్య పట్టీ, వెనుక పట్టీ అనుకుందాం. లోపలివైపు విసనకర్రలాగా విచ్చుకున్న వెడల్పాటి పట్టీ ఉంటుంది. గ్రీకు అక్షరం డెల్టాలాగా మూడు మూలలుగా ఉంటుందని దానికి డెల్టాయిడ్ బంధనం అని పేరు.

ఈ నాలుగింటిలో దేని బలం ఎంత? 1985లో అమెరికాలో మృతదేహాల నుంచి తీసిన చీలమండలను యంత్రంలో బిగించి, పట్టీలు తెగేదాకా లాగి చూశారు. ముందరి పట్టీ సగటున 139 న్యూటన్ల బలానికి తెగింది. అంటే సుమారు 14 కిలోల బరువు వేలాడదీసినట్లు. మధ్య పట్టీకి 346 న్యూటన్లు కావలసి వచ్చింది. లోపలి డెల్టాయిడ్ 714 దాకా ఓర్చుకుంది. వేరే ప్రయోగశాలల్లో అంకెలు వేరుగా వచ్చాయి. మృతదేహం ఎవరిది, వయసెంత, ఎంత వేగంగా లాగారు అన్న దానిని బట్టి ఇవి మారతాయి. ముందరి పట్టీ మధ్య పట్టీ కన్నా బలహీనమన్నది మాత్రం మారలేదు. మునివేళ్ల మీద ఉన్నప్పుడు సరిగ్గా ఈ బక్క పట్టీయే నిలువుగా బిగుసుకుని భారం మోయవలసి వస్తుంది. ఎంత అన్యాయమో చూడండి! 1960లలో స్వీడన్ డాక్టరు లెన్నార్ట్ బ్రోస్ట్రోమ్ బెణికిన చీలమండలను శస్త్రచికిత్స చేసి తెరిచి చూశాడు. సుమారు మూడింట రెండు వంతుల మందిలో ముందరి పట్టీ ఒక్కటే తెగి ఉంది. మీ ఖోఖో గుంట పని కూడా బహుశా అదే.

ఇప్పుడు బొమ్మ సంగతి. ప్రపంచంలో వైద్య విద్యార్థులు తరతరాలుగా చదివిన అనాటమీ పుస్తకం ఒకటుంది. 1858లో లండనులో వెలువడింది. రాసినవాడు హెన్రీ గ్రే. 363 బొమ్మలు గీసినవాడు హెన్రీ వాన్డైక్ కార్టర్. ఇద్దరూ కలిసి మృతదేహాలను కోసి, చూసి, ఆ పుస్తకం తయారు చేశారు. గ్రే మూడేళ్లకే, 1861లో, మశూచి సోకి చనిపోయాడు. పేరంతా గ్రేకే వచ్చింది. కార్టర్ పుస్తకం వచ్చిన ఏడే ఓడెక్కి బొంబాయి చేరి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాడు. పాదాన్ని తొలిచివేసే "మదుర పాదం" అనే జబ్బుకు కారణం ఒక రకం శిలీంధ్రమని చూపింది కూడా ఆయనే. ఇన్ని చేసిన మనిషిని ఈనాడు ఎంతమందికి తెలుసు?

అలాంటి పుస్తకంలో చీలమండకు ఒక బొమ్మ ఉంటుంది. బయటివైపు మూడు పట్టీలు, ఒక్కొక్కటి ఒక్కొక్క రిబ్బనులాగా చక్కగా ఉంటాయి. బొమ్మ తప్పు కాదు. కాని అది ఒక చీలమండ బొమ్మ. లేదా నాలుగైదు చీలమండలు చూసి, అందరికీ పనికి వచ్చేట్లు గీసిన బొమ్మ. అది మీ చీలమండ బొమ్మ అని ఎవరు చెప్పారు?

నమ్మకం కుదరడం లేదా? అయితే మీ చేతి మీదే ఒక పరీక్ష చేయండి. అరచేయి పైకి పెట్టండి. బొటనవేలి కొననూ చిటికెనవేలి కొననూ కలపండి. అలాగే ఉంచి మణికట్టు కొద్దిగా మీవైపు వంచండి. మణికట్టు నడుమ చర్మం కింద ఒక సన్నని తాడు నిక్కబొడుచుకుని కనిపించిందా? అది పామారిస్ లాంగస్ అనే కండరపు స్నాయుబంధనం. ఇప్పుడు మీ బెంచీ మీద కూర్చున్న వాళ్లందరి చేతులూ చూడండి. కొందరికి ఆ తాడు అసలు ఉండదు. కొందరికి ఒక చేతికి ఉండి, రెండో చేతికి ఉండదు. ప్రపంచంలో ఒక్కొక్క ప్రాంతంలో అది లేని వాళ్ల సంఖ్య ఒక్కొక్క రకంగా ఉంది.  లేనివాళ్లు కలం పట్టలేకపోతున్నారా, బంతి విసరలేకపోతున్నారా? పట్టు బలం కొలిచి చూస్తే తేడా ఏమీ తేలలేదు. అంతే కాదు, వేరేచోట తెగిన తాడును అతకవలసి వచ్చినప్పుడు డాక్టర్లు దీనినే కోసి తీసి వాడుకుంటారు. ఉన్నవాడికి అక్కరకు వచ్చే సరుకు. లేనివాడికి లోటు లేదు.

చేతి మీది తాడు బయటికి కనిపిస్తుంది కాబట్టి క్లాసులోనే తేల్చుకోవచ్చు. చీలమండ పట్టీలు అలా కనిపించవు. కోసి చూడాలి. 1997లో బ్రిటన్ లో క్లేర్ మిల్నర్, రోజర్ సోమ్స్ అనే ఇద్దరు ఆ పని చేశారు. 26 చీలమండలు తీసుకుని ముందరి పట్టీని మాత్రమే శ్రద్ధగా విడదీసి చూశారు. పుస్తకంలో ఉన్నట్లు ఒకే రిబ్బనుగా ఉన్నవి 10. రెండు పాయలుగా చీలి ఉన్నవి 13. మూడు పాయలుగా ఉన్నవి 3.

మళ్లీ ఒకసారి ఆ అంకెలు చూడండి. బొమ్మలో ఉన్నట్లున్నవి సగం కూడా లేవు! ఇరవై ఆరులో ఎక్కువ చీలమండలు "బొమ్మకు భిన్నంగా" ఉన్నాయంటే ఇక భిన్నమైనది ఏది? వాళ్లు ఇంకో సంగతి కూడా గమనించారు. పాయలు ఒకటైనా, రెండైనా, మూడైనా, మొత్తం వెడల్పు పెద్దగా మారలేదు. ఒకే జడ వేసుకున్నా రెండు జడలు వేసుకున్నా జుట్టు అంతే కదా! కాబట్టి పాయలు ఎక్కువున్నాయని కీలు గట్టిదీ కాదు, తక్కువున్నాయని వదులుదీ కాదు అని వారు భావించారు. రెండు పాయలున్న చోట వాటి మధ్యగా సన్నని రక్తనాళాలు పోతుంటాయి. పట్టీ తెగినప్పుడు దానితోబాటు ఇలాంటి చిన్న నాళాలు కూడా చిట్లుతాయి. వాపు అంత త్వరగా నిమ్మకాయంత అయిందంటే, మరునాటికి నల్లగా కమిలిందంటే, లోపల కారిన రక్తమే కారణం.

మిగిలిన పట్టీలు మాత్రం బుద్ధిమంతులా? కాదు. మధ్య పట్టీ పక్కన టాలస్ ను మడమ ఎముకతో కలిపే చిన్న పట్టీ ఒకటుంటుంది. ఫ్రాన్సులో ట్రుయిలూ, ఆయన సహచరులు 1988లో చూసిన చీలమండలలో వందకు 35 వాటిలో అది మధ్య పట్టీతో కలిసిపోయి ఉంది. 23 వాటిలో విడిగా ఉంది. 42 వాటిలో అసలు లేదు. లోపలి డెల్టాయిడ్ లో మిల్నర్, సోమ్స్ ఆరు భాగాలు గుర్తించారు. వాటిలో ప్రతి చీలమండలోనూ కనిపించినవి మూడే.

అన్నిటికన్నా తమాషా చీలమండ వెనుక, రెండు గుబ్బల మధ్య అడ్డంగా కట్టినట్లుండే ఒక సన్నని పట్టీది. అది ఎంతమందికి ఉంటుంది? ఒకరు అందరికీ ఉందన్నారు. ఇంకొకరు వందకు ఎనభై అన్నారు. 1995లో ప్రచురించిన ఒక పరిశీలనలో మృతదేహాలను కోసి చూస్తే వందకు 56 చీలమండలలో కనిపించింది. అయస్కాంత క్షేత్రంతో తీసే ఎం.ఆర్.ఐ. చిత్రాలలో వెదికితే 19 వాటిలోనే కనిపించింది. పట్టీలు మాయమయ్యాయా? లేదు. కత్తి పట్టిన చేతికి దొరికేది చిత్రానికి దొరకలేదు. సన్నని పట్టీ పక్కనున్న పొరలలో కలిసిపోయి చిత్రంలో తెలియదు. కోసేటప్పుడు కూడా, పైన కప్పిన కొవ్వునూ పొరనూ ఎంత ఓపికగా ఒలిస్తే అంత తేడా. ఒకరికి మడతగా కనిపించినది ఇంకొకరికి రెండు పాయల మధ్య సందుగా కనిపిస్తుంది. పనసపండు ఒలిచిన వారెవరికైనా ఈ బాధ అర్థమవుతుంది. తొన ఎక్కడ ముగిసింది, పీచు ఎక్కడ మొదలైంది?

ముందరి పట్టీ మీద కూడా ఈ తగవు వచ్చింది. బార్సిలోనాలో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు 2020లో ప్రచురించిన పరిశీలనలో, వారు చూసిన అన్ని చీలమండలలోనూ రెండు పాయలున్నాయని రాశారు. ఒకటీ, మూడూ అన్న మాటే లేదు. అయితే వాళ్లు లెక్కతో ఆగలేదు. ఆ రెండు పాయలూ ఒకే పని చేయడం లేదని చూపారు. మునివేళ్లు నేలకు వంచినప్పుడు పై పాయ సాగి బిగుస్తుంది. కింది పాయ మాత్రం పాదం పైకెత్తినా కిందికి దించినా ఇంచుమించు ఒకే పొడవుగా ఉంటుంది. అంతే కాదు, కింది పాయ నుంచి విల్లులాగా వంగిన పోగులు మధ్య పట్టీలోకి వెళ్లి కలుస్తాయి. అంటే, పుస్తకం విడివిడిగా గీసిన ముందరి పట్టీ, మధ్య పట్టీ సగం వరకు ఒకే కట్టు అన్నమాట! పై పాయ కీలు లోపల, జిగురు ద్రవం తగిలేచోట ఉంటుంది. కింది పాయ ఆ సంచికి వెలుపల ఉంటుంది. తెగిన పై పాయ సరిగా అతుక్కోకపోవడానికి, కొందరికి బెణుకు మాని కూడా కాలు మాటిమాటికీ మడత పడటానికి, ఇది కారణం కావచ్చునని వారి అభిప్రాయం. నాకు ఈ మాట సబబుగానే తోస్తుంది. తడిలో అతికించిన కాగితం అతుక్కుంటుందా?

ఇదంతా పట్టీలు లెక్కపెట్టే పండితుల తగవు అనుకుంటున్నారా? డాక్టరు ఎదురుగా బల్ల మీద పడుకున్న రోగికి అలా అనిపించదు. చీలమండకు రెండు చిన్న రంధ్రాలు చేసి, పెన్సిలుకన్నా సన్నని గొట్టం లోపలికి పంపి, తెర మీద కీలును చూస్తూ శస్త్రచికిత్స చేసే పద్ధతి ఉంది. ఆ గొట్టానికి కీలు లోపలి పై పాయ కనిపిస్తుంది. సంచి వెలుపలి కింది పాయ కనిపించదు. కనిపించనిది తెగలేదనుకున్నా తప్పే, లేదనుకున్నా తప్పే. అలాగే రెండు పాయల మధ్యనున్న మామూలు సందును స్కానింగు చిత్రంలో చూసి "పట్టీ చినిగింది" అనుకునే ప్రమాదమూ ఉంది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. అంతర్జంఘికనూ బహిర్జంఘికనూ ముందువైపు కలిపే పట్టీ కింద, కొంచెం ఎడంగా, ఇంకో సన్నని పాయ చాలామందికి ఉంటుంది. మామూలుగా అది ఎవరినీ బాధించదు. కాని బెణుకులో ముందరి పట్టీ వదులైతే టాలస్ కాస్త ముందుకు జారుతుంది. అప్పుడు దాని అంచు ఈ పాయకు ఒరుసుకుంటుంది. బెణుకు తగ్గి నెలలు గడిచినా నొప్పి పోదు. ఎక్స్-రేలో ఏమీ ఉండదు. "అంతా నీ భ్రమ" అని ఎందరు చెప్పించుకున్నారో! 1990లో బాసెట్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు ఈ ఒరిపిడిని కనిపెట్టారు. ఆ పాయను కోసి తీసేస్తే నొప్పి పోయింది. కీలు పట్టు సడలలేదు. అలా కోయాలంటే అది తీసివేయగల అదనపు పాయ అని ముందు తెలియాలి. పక్కనున్న అసలు పట్టీని కోశారంటే పట్టకారే విచ్చుకుంటుంది.

ఇక మామయ్య లాగుడు. ఇప్పటికి మీకే తెలిసి ఉండాలి. తెగింది పోగుల కట్ట. తెగిన తాడును లాగితే అతుక్కుంటుందా, మరింత తెగుతుందా? మీ వయసులో ఇంకో భయం కూడా ఉంది. మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. ఎముక చివరల దగ్గర పెరుగుదల జరిగే మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. మీలో ఒక్కొక్కసారి పట్టీకన్నా ఆ పొర ముందు దెబ్బ తింటుంది. లేదా పట్టీ తెగకుండా, తాను అతుక్కున్న చోట ఎముక పెచ్చును ఊడదీస్తుంది. పై నుంచి చూస్తే రెండూ బెణుకులాగే ఉంటాయి. కెనడాలో ఒటావా డాక్టర్లు 1992లో ఒక తేలిక పద్ధతి చెప్పారు. దెబ్బ తగిలిన వెంటనేగాని, తరువాత డాక్టరు ముందుగాని నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా గుబ్బ వెనుక అంచును నొక్కినప్పుడు ఎముక మీదే నొప్పి పుడితే, ఎక్స్-రే తీయించాలి. ఆ రెండూ లేకపోతే ఎముక విరిగి ఉండటం అరుదు. కాలు కొంచెం ఎత్తున పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, మరీ బిగించకుండా కట్టు కట్టి ఒకటి రెండు రోజులు ఆగండి. తరువాత మెల్లగా నడవండి. నెలల తరబడి మంచం ఎక్కించనక్కరలేదు.

వాపు తగ్గాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. చాలామంది దానిని మరిచిపోతారు. సంధిబంధనాలు ఉత్త తాళ్లు కావు. వాటిలో సన్నని నాడుల కొనలు ఉంటాయి. పాదం ఎటు ఒరుగుతున్నదో అవి క్షణక్షణం మెదడుకు, వెన్నుపాముకు చేరవేస్తుంటాయి. పట్టీ తెగితే ఈ వార్తాహరులు కూడా దెబ్బ తింటారు. 1965లో లండనులో మైకేల్ ఫ్రీమన్, ఆయన సహచరులు ఈ మాట చెప్పారు. బెణికిన కాలు మళ్లీ మళ్లీ మడత పడుతున్నదంటే పట్టీ వదులు కావడం ఒక్కటే కారణం కాదు, కాలుకు తన జాడ తనకు తెలియకపోవడం కూడా కారణం అన్నారు. అడుగున గుండ్రంగా ఉండి అటూ ఇటూ ఊగే పలక మీద రోగులను నిలబెట్టి, కాలుకు మళ్లీ పాఠం చెప్పించారు.

పలక లేకపోయినా మీరు రేపు ఉదయం చూసుకోవచ్చు. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి. తరువాత రెండో కాలి మీద. ఎప్పుడైనా బెణికిన కాలు ఉంటే, రెంటికీ తేడా తెలుస్తుందేమో గమనించండి. అది తేలికగా కుదిరితే కళ్లు మూసుకుని ప్రయత్నించండి. చీలమండ చుట్టూ చర్మం కింద తాళ్లు ఒకటి తరువాత ఒకటి లేస్తూ పడుతూ కదలడం కనిపిస్తుంది. ఆ లేచే తాళ్లు స్నాయుబంధనాలు. పట్టీలు వాటి కన్నా లోతున ఉంటాయి, ఒకటో రెండో మూడో. కళ్లు మూసినప్పుడు మాత్రం గోడ చేతికి అందే దూరంలో ఉండాలి సుమా!